హ్యుందాయి మోటారు సంస్థ – దాని చరిత్ర, వాహనదారుల తీర్పు

ఒక యంత్రాన్ని గురించి సాక్ష్యం పలుకగలవారు ఇద్దరు. దానిని తయారు చేసినవాడు ఒకడు. సొమ్ము చెల్లించి తెచ్చుకొని వాడుకొన్నవాడు రెండవవాడు. పారిశ్రామిక చరిత్రలు ఎక్కువగా మొదటివాని వాఙ్మూలం మీదనే వ్రాయబడుతున్నాయి. పెట్టుబడి ఎంత, కర్మాగారాలు ఎన్ని, ఏటేటా ఎగుమతి ఎంత అనే లెక్కలతో పుటలు నిండిపోతాయి. రెండవవాని మాట గ్రంథానికెక్కడం అరుదు. కాని వ్యాపారసంస్థ బ్రతుకు చివరకు ఆధారపడేది ఆ రెండవవాని మాట మీదనే. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయి మోటారు సంస్థ చరిత్ర దీనికి చక్కని నిదర్శనం. ఆ సంస్థ తన వాహనదారుల నమ్మకాన్ని నాలుగైదేళ్లలో పోగొట్టుకొన్నది. తిరిగి సంపాదించుకోవడానికి దానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ తరువాత కూడ ఆ నమ్మకం నిరాటంకంగా సాగలేదు. పద్యాలు చెప్పుకొనేవానికి మోటారు కార్ల గొడవ ఎందుకని సహోద్యోగులు నవ్వవచ్చు. మాట ఇవ్వడం, మాట తప్పడం అనే విషయాలు కావ్యాలకే పరిమితం కావని నా మనవి.

హ్యుందాయి అనే కొరియా పదానికి ‘ఆధునికం’ అని అర్థం. ఆ పేరుతో వ్యాపారం నెలకొల్పిన చుంగ్ జూ యుంగ్ 1915లో, నేడు ఉత్తర కొరియాలో చేరివున్న ఒక పల్లెలో, పేదరైతు ఇంట జ్యేష్ఠపుత్రుడుగా జన్మించాడు. సేద్యపు కష్టం భరించలేక పలుమార్లు ఇల్లు విడిచి వెళ్లాడు. ఒక పర్యాయం తండ్రి ఆవును అమ్మి దాచుకొన్న డబ్బు తీసుకొని సియోల్ నగరం చేరాడు. ఆ ఆవు ఆయన మనస్సును జీవితాంతం వదలలేదు కాబోలు. 1998 జూన్‌లో, ఎనభై రెండేళ్ల వయస్సులో, 500 పశువులను లారీలకెక్కించి సరిహద్దు దాటి ఉత్తర కొరియాకు కానుకగా తోలుకొనిపోయాడు. అదే సంవత్సరం అక్టోబరులో మరి 501 పశువులు వెళ్లాయి. అసలు ఒకటి, వడ్డీ వేయి అని లోకం లెక్క కట్టుకొన్నది.

సియోల్‌లో ఆయన మొదట బియ్యపుకొట్టులో పనిచేశాడు. 1940లో అప్పు తెచ్చి మోటారు వాహనాల మరమ్మతు దుకాణమొకటి తీసుకొన్నాడు. కొద్ది రోజులకే అది అగ్నికి ఆహుతి అయింది. బాగుచేయడానికి వచ్చిన పరుల బండ్లు కూడ బూడిద అయ్యాయి. అయినా మొదట అప్పిచ్చిన పెద్దమనిషే మరల అప్పిచ్చాడు. ఆ దుకాణాన్ని గురించి చుంగ్ చెప్పుకొన్న సంగతి ఒకటి ఈ వ్యాసానికి మూలసూత్రం వంటిది. తక్కిన మరమ్మతుదారులు చిన్న లోపాన్ని పెద్దదిగా చూపి, బండిని రోజుల తరబడి నిలిపివుంచి ఎక్కువ కూలి గుంజేవారు. ఈయన ఎక్కువ కూలే అడిగాడు, కాని పనిని త్వరగా ముగించి బండి అప్పగించాడు. బండి లేక పనులు ఆగిపోయిన యజమానికి కావలసింది అదే. అంటే హ్యుందాయి పుట్టినది కార్లు తయారుచేసే శాలలో కాదు, చెడిపోయిన కార్లు వచ్చి చేరే దుకాణంలో. యుద్ధకాలంలో జపాను ప్రభుత్వం ఆ దుకాణాన్ని వేరొక సంస్థలో బలవంతంగా కలిపివేసింది. స్వాతంత్ర్యానంతరం 1946లో చుంగ్ మరల మరమ్మతుశాల పెట్టి దానికి హ్యుందాయి అని పేరుంచాడు. మరుసటి ఏడు అదే పేరుతో నిర్మాణపు పనుల సంస్థ కూడ స్థాపించాడు. 1970లో పూర్తయిన సియోల్–బూసాన్ రహదారి, 428 కిలోమీటర్ల పొడవు కలది, దాని నిర్మాణంలో ఈ సంస్థకు పెద్ద వాటా కలదు.

రహదారి వేసేవాడు దానిపై తిరిగే బండిని గురించి ఆలోచించడం సహజం. 1967 డిసెంబరులో హ్యుందాయి మోటారు సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఉల్సాన్ పట్టణంలో, ఫోర్డు కంపెనీతో ఒప్పందం మీద, బ్రిటిష్ నమూనా అయిన కార్టినా కారు విడిభాగాలను తెచ్చి కూర్చడం మొదలుపెట్టారు. అప్పటి కొరియాలో తారురోడ్లు కొద్ది. రాళ్లబాటలమీద ఆ కారు తట్టుకోలేక తరచు చెడిపోయేది. రోజుకూలి వలె కారు సంపాదన మీద జీవించే టాక్సీవారు గట్టిగా ఫిర్యాదు చేశారు. ఆ విధంగా వాహనదారుల తీర్పు ఈ సంస్థకు పురిటిలోనే వినిపించింది. ఫోర్డు కంపెనీతో సరిసమానమైన భాగస్వామ్యం కుదరకపోవడంతో సొంతకారు తయారు చేయాలని చుంగ్, ఆయన తమ్ముడు చుంగ్ సే యుంగ్ నిశ్చయించుకొన్నారు.

బ్రిటిష్ లేలాండ్‌లో ఉన్నతోద్యోగం చేసిన జార్జి టర్న్‌బుల్‌ను 1974లో పిలిపించారు. కారు ఆకృతిని ఇటలీ దేశీయుడు జుజారో తీర్చాడు. ఇంజను, గేరుపెట్టె జపానుకు చెందిన మిత్సుబిషి నుండి వచ్చాయి. ఇన్ని దేశాల చేతులు పడినా కారు మాత్రం కొరియాది. దానికి ‘పోనీ’ అని పేరుపెట్టి 1975 చివరలో ఉత్పత్తి ప్రారంభించారు. 1976లో ఈక్వడార్ దేశానికి కొద్దిపాటి కార్లు ఎగుమతి అయ్యాయి. 1984లో కెనడాలో అడుగుపెట్టినప్పుడు సంస్థ ఊహించినదానికంటె ఎక్కువ కార్లు అమ్ముడుపోయాయి. ఈ విజయం చూసి ధైర్యం కలిగింది. ధైర్యంతోబాటు తొందర కూడ కలిగింది.

1986లో ‘ఎక్సెల్’ అనే కారును అమెరికా విపణిలో ప్రవేశపెట్టారు. వెల 4,995 డాలర్లు. కొత్త కారు కొనగలమని కలలోనైనా అనుకోని విద్యార్థులు, చిన్న జీతగాళ్లు ఎగబడి కొన్నారు. తొలి ఏట 1,68,882 కార్లు అమ్ముడుపోయాయి. ఒక విదేశీ సంస్థకు అమెరికాలో మొదటి సంవత్సరం అంత అమ్మకం అంతకుముందు ఎన్నడూ లేదు. 1987లో ఆ సంఖ్య రెండున్నర లక్షలు దాటింది. సంస్థ చరిత్రను మొదటి సాక్షి చేత వ్రాయిస్తే ఇక్కడ జయజయధ్వానాలు వినిపిస్తాయి.

రెండవ సాక్షి చెప్పే కథ వేరు. రెండు మూడేళ్లు తిరిగేసరికి ఆ కార్లకు తుప్పు పట్టసాగింది. ఇంజనులోను, గేరులోను వరుసగా చిక్కులు వచ్చాయి. చౌకగా కొన్నవానికి మరమ్మతు ఖర్చు భారమైంది. అంతకంటె బాధాకరమైనది ఇంకొకటి. చాలమంది వాయిదాల మీద కొన్నవారు. కారు అమ్మివేద్దామంటే దానికి పలికే ధర బాకీ తీర్చడానికి చాలేది కాదు. కదలని కారు, కదలక తప్పని కంతు! ఆ పరిస్థితిలో ఉన్న మనిషి తన ఇరుగుపొరుగుతో ఏమి చెప్పివుంటాడో ఊహించడం కష్టం కాదు. అనతికాలంలోనే హ్యుందాయి పేరు అమెరికా హాస్యగాళ్ల నోట పడింది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1989లో తెరచిన కర్మాగారాన్ని 1993లో మూసివేయవలసి వచ్చింది. 1998 నాటికి అమెరికాలో అమ్మకం ఏడాదికి సుమారు 90 వేలకు పడిపోయింది. ఆ మధ్యకాలంలో సంస్థ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1991లో తన సొంత ఇంజనును రూపొందించుకొన్నది, నమూనాలు మెరుగుపరచింది. కాని ఎక్సెల్ కొని దెబ్బతిన్నవాని చెవికి అవేవీ సోకలేదు. సరకు బాగుపడినంత త్వరగా పేరు బాగుపడదు.

ఆసియా దేశాలను ఆర్థిక సంక్షోభం అతలాకుతలం చేసిన రోజులవి. సైకిలు భాగాలు చేసే చిన్న శాలగా 1944లో పుట్టిన కియా అనే మరొక కొరియా కార్ల సంస్థ 1997లో దివాలా తీయగా, 1998లో దానిని హ్యుందాయి కొనుగోలు చేసింది. ఆ వెంటనే మోటారు సంస్థ పగ్గాలు చుంగ్ సే యుంగ్ చేతినుండి స్థాపకుని కుమారుడు చుంగ్ మోంగ్ కూ చేతికి వచ్చాయి. ఈ పెద్దమనిషి అంతకుముందు చాలకాలం హ్యుందాయి కార్ల మరమ్మతు, సేవల విభాగాన్ని నడిపినవాడు. తక్కిన అధికారులకు కారు తెలిసినది కర్మాగారపు వాకిట వరకే. ఈయనకు అది తిరిగివచ్చే దారి తెలుసు. తండ్రి బ్రతుకుతెరువు ఎక్కడ మొదలైందో, కుమారుని అనుభవం కూడ అక్కడనే పండింది. చరిత్రకారులు దీనిని వారసత్వ తగవులలో ఒక ఘట్టంగా వ్రాసి విడిచిపెడతారు. నా దృష్టిలో సంస్థ దశ మారడానికి ముఖ్యకారణం ఇదే.

1998లోనే అమెరికాలో హ్యుందాయి ఒక ప్రకటన చేసింది. ఇంజనుకు, గేరు వ్యవస్థకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వరకు, తక్కిన భాగాలలో అధికభాగానికి అయిదేళ్లు లేదా 60 వేల మైళ్ల వరకు సంస్థదే పూచీ. ఆనాడు సాధారణంగా కార్ల కంపెనీలిచ్చే సమగ్రమైన పూచీ మూడేళ్లు, 36 వేల మైళ్లు. పూచీ అనే మాటను మన ఉర్దూ శాఖ మిత్రులు జమానత్ అంటారు. మన కరణాల దస్తావేజులలోని జామీను కూడ ఆ కుటుంబంలోనిదే. ఒకడు అప్పు తీర్చలేకపోతే తాను తీరుస్తానని ఇంకొకడు ముందుకు వచ్చి చెప్పడం జామీను. ఇక్కడ కారు విఫలమైతే ఆ ఖర్చు తాను భరిస్తానని దానిని చేసినవాడే ముందుకు వచ్చాడు. దీనిలోని ఆర్థికసూత్రాన్ని వాణిజ్యశాస్త్ర విద్యార్థులు గమనించాలి. అప్పటిదాకా నాసిరకపు పనితనం వల్ల కలిగే నష్టం కొన్నవాని ఖాతాలో పడేది. ఈ ప్రకటనతో అది సంస్థ ఖాతాలోకి మారింది. లోపమున్న ప్రతి ఇంజనుకు పదేళ్లపాటు తన డబ్బే ఖర్చుపెట్టవలసిన సంస్థకు, ఆ లోపాన్ని కర్మాగారంలోనే పట్టుకోవడం చౌకబేరం అవుతుంది. వాగ్దానం ముందు వచ్చింది, నాణ్యం దానివెంట పరుగెత్తవలసి వచ్చింది.

అయితే ఆ వాగ్దానపు చిన్న అక్షరాలలో ఒక షరతు దాగివున్నది. పదేళ్ల పూచీ మొదటి యజమానికే. అతడు కారును అమ్మితే, కొన్నవానికి ఇంజను పూచీ కూడ అయిదేళ్లకు తగ్గిపోతుంది. ఈ షరతును తరువాత మరల ప్రస్తావిస్తాను.

ఫలితాన్ని కొలిచే సాధనం ఒకటి అమెరికాలో కలదు. జె.డి. పవర్ అనే సంస్థ కొత్త కారు కొన్నవారిని, మొదటి తొంభై రోజులలో ఏయే చిక్కులు ఎదురయ్యాయో చెప్పమని అడిగి, నూరు కార్లకు ఎన్ని ఫిర్యాదులో లెక్క కట్టి ఏటేటా ప్రకటిస్తుంది. 1998లో హ్యుందాయికి నూరు కార్లకు 272 ఫిర్యాదులు వచ్చాయి. 2004లో అవి 102కు దిగాయి. ఆ ఏడు హ్యుందాయి పేరు హోండా సరసన నిలిచింది. అమెరికా పత్రికలు తమ కండ్లను తామే నమ్మలేదు. 2005లో అలబామా రాష్ట్రంలో కర్మాగారం తెరిచారు. 2009లో ఉద్యోగాలు ఊడిపోతున్న కాలంలో, కొన్న ఏడాదిలోపల కొలువు పోతే కారు తిరిగి ఇచ్చివేయవచ్చునని ప్రకటించారు. అలా తిరిగి ఇచ్చినవారు కొద్దిమందే. కాని ఎక్సెల్ నాటి కంతుల బాధను సంస్థ మరచిపోలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? 2022లో హ్యుందాయి, కియాలు కలిసి అమ్మకాలలో ప్రపంచంలో టయోటా, ఫోక్స్‌వాగన్ల తరువాతి స్థానానికి చేరాయి.

తొంభై రోజుల అభిప్రాయం విలువైనదే, కాని అది పెండ్లి అయిన మూడు నెలలకు అల్లుని గురించి అడిగిన అభిప్రాయం వంటిది. అసలు పరీక్ష తరువాత వస్తుంది. హ్యుందాయికి అది 2015లో వచ్చింది. అలబామాలో తయారైన కొన్ని ఇంజనులలో, క్రాంకుషాఫ్టును చెక్కినప్పుడు రాలిన లోహపు రజను పూర్తిగా తొలగించబడలేదు. ఆ రజను నూనె మార్గాలకు అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ బేరింగులకు నూనె అందదు. అవి అరిగి, ఇంజను కొట్టుకొనే శబ్దం చేసి, పెద్దరోడ్డుపై వేగంగా పోతున్న బండి అకస్మాత్తుగా ఆగిపోవచ్చు. మొదట దాదాపు 4 లక్షల 70 వేల సొనాటా కార్లను వెనుకకు పిలిచారు. లోపం అంతటితో ఆగలేదని, సంస్థ నిజాన్ని పూర్తిగా బయటపెట్టడంలేదని 2016లో బయటకు చెప్పినవాడు హ్యుందాయిలోనే పాతికేళ్లు పనిచేసిన కిమ్ గ్వాంగ్ హో అనే ఇంజనీరు. ఆయన కొలువు పోయింది. 2017లో హ్యుందాయి, కియాలు మరి సుమారు 12 లక్షల కార్లను పిలువవలసి వచ్చింది. 2020 నవంబరులో, ఆలస్యంగా చర్య తీసుకొన్నందుకు, రెండు సంస్థలు దండనగాను భద్రతా ఏర్పాట్ల వ్యయంగాను మొత్తం 21 కోట్ల డాలర్లకు అమెరికా ప్రభుత్వంతో రాజీపడ్డాయి. 2021లో ఆ ప్రభుత్వమే కిమ్‌కు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా పారితోషికం ప్రకటించింది. ఈ తగవు పరిష్కారంలో భాగంగా ఆ ఇంజనులకు కారు జీవితకాలమంతా పూచీ ఇవ్వవలసి వచ్చింది. స్వచ్ఛందంగా ఇచ్చిన పదేళ్ల పూచీ సంస్థకు కీర్తి తెచ్చింది. న్యాయస్థానపు గుమ్మంలో ఇచ్చిన జీవితకాలపు పూచీ అంత కీర్తి తేలేకపోయింది.

దొంగతనాల ఉదంతం ఇంకా విచిత్రమైనది. తాళంచెవిలోని గుర్తు సరిపోలనిదే ఇంజను కదలకుండ చేసే ఇమ్మొబిలైజర్ అనే చిన్న పరికరం కలదు. 2021 వరకు అమెరికాలో అమ్మిన అనేక హ్యుందాయి, కియా కార్లలో దానిని అమర్చలేదు. 2022 ప్రాంతంలో కుర్రవాళ్లు ఈ గుట్టు తెలుసుకొని వేలకొలది కార్లను ఎత్తుకొనిపోసాగారు. ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా కంప్యూటరు సవరణ చేస్తామని రెండు సంస్థలు ప్రకటించాయి. ఇందులో ఆలోచించవలసినది ఒకటున్నది. పక్కనే ఉన్న కెనడాలో ఇవే కార్లకు ఆ పరికరం ఉండేది, ఎందుకంటే 2007 నుండి అక్కడి చట్టం దానిని తప్పనిసరి చేసింది. చట్టం అడిగినచోట పెట్టారు, అడగనిచోట మిగుల్చుకొన్నారు. పూచీపత్రంలో ఈ లోపానికి చోటులేదు. కొన్నవాని మనస్సులో మాత్రం ఉన్నది. రాత్రి నిద్రలేచి కిటికీలోనుండి కారు ఉన్నదా లేదా అని చూసుకోవలసి వచ్చిన మనిషి దానిని ఇంజను బాగుంది కదా అని క్షమించలేడు.

ఇక మన దేశపు సంగతి. 1996లో హ్యుందాయి భారతదేశ శాఖ ఏర్పడింది. మద్రాసుకు సమీపంలో శ్రీపెరుంబుదూరు వద్ద కర్మాగారం నిర్మించారు. 1998 సెప్టెంబరులో, అంటే అమెరికాలో పదేళ్ల పూచీ ప్రకటించిన ఏడే, ‘శాంత్రో’ కారు విడుదలైంది. అప్పటికి మనవారికి కొరియా అనగానే ఏ అభిప్రాయమూ లేదు. ఎత్తుగా నిలబడ్డ ఆ కారు రూపాన్ని చూసి నవ్వినవారున్నారు. సినిమా నటుడు షారుఖ్ ఖాన్‌తో తీసిన ప్రకటనలో ఆ నటుడే సందేహాలు వేస్తుంటే, సంస్థ ప్రతినిధి ఆయనకు నచ్చజెప్పినట్లు చూపారు. కొనదలచినవాని సంశయాన్ని దాచకుండ వాని ముందే పెట్టడం తెలివైన పని. కాని మనవారిని చివరకు ఒప్పించింది ప్రకటన కాదు. ఎత్తువల్ల చీరకట్టుకొన్న తల్లులు, మోకాళ్లనొప్పుల తాతలు వంగకుండ కూర్చోగలిగారు. ఇరుకు వీథులలో స్టీరింగు తేలికగా తిరిగింది. మండుటెండలో చల్లనిగాలి నిజంగా చల్లగా వచ్చింది. నేటికీ మన ప్రాంతపు హ్యుందాయి యజమానులను అడిగితే సామాన్యంగా వినవచ్చే మెప్పుకోలు ఇదే: నడపడం సుఖం, లోపల సౌకర్యం, మరమ్మతుశాల దగ్గర. తప్పులెన్నడంలోనూ వారు ఏకకంఠులే. వేగంగా పోయేటప్పుడు తేలిక స్టీరింగు భయపెడుతుందని, నగరంలో పెట్రోలు ఎక్కువ త్రాగుతుందని, ఎలక్ట్రానిక్ భాగం ఏదైనా పోతే ధర గుండె గుభేలుమనిపిస్తుందని అంటారు.

మనవారు చాలకాలం అడగనిది ఒకటున్నది, గుద్దుకొంటే ఏమవుతుందని. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో మన దేశపు అయిదు చిన్నకార్లను గోడకు గుద్దించి పరీక్షించగా, వాటిలో హ్యుందాయి ఐ10తో సహా ఒక్కదానికీ ఒక్క నక్షత్రమైనా రాలేదు. 2020లో గ్రాండ్ ఐ10 నియోస్‌కు రెండు నక్షత్రాలు, 2022లో క్రెటాకు మూడు, 2023లో వెర్నాకు అయిదు వచ్చాయి. అదే సంస్థ, అదే శ్రీపెరుంబుదూరు. మధ్యకాలంలో మారినవి చట్టం, కొనేవాడు అడిగే ప్రశ్న.

తెలుగుదేశానికి ఈ కథతో సంబంధం కారు కొనడంతో ఆగిపోలేదు. హైదరాబాదులో హ్యుందాయి ఇంజనీరింగు కేంద్రం పనిచేస్తున్నది. విజయనగర ప్రభువుల కోటకు, బాబయ్య దర్గాకు ప్రసిద్ధమైన పెనుకొండ సమీపాన, ఎర్రమంచి వద్ద, 2017లో కుదిరిన ఒప్పందం మేరకు కియా సంస్థ ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం కట్టింది. 2019 ఆగస్టులో అక్కడి సెల్టోస్ కారు విపణికి వచ్చింది. వానచినుకుకు మొగంవాచిన ఆ సీమ యువకులు ఇప్పుడు మొదటి సాక్షి పక్షాన నిలబడి ఉన్నారు. కిమ్ గ్వాంగ్ హో ముందుకు వచ్చిన ప్రశ్న వారి ముందుకు కూడ ఏనాడైనా రావచ్చు.

ఇందాక ప్రస్తావిస్తానన్న షరతుకు వస్తాను. అమెరికాలో పదేళ్ల పూచీ మొదటి యజమానికే చెందింది. తొంభై రోజుల విచారణ కూడ మొదటి యజమానినే అడుగుతుంది. మన పట్టణాలలో కారు అక్కడితో ఆగదు. ఉద్యోగి కొన్నది దుకాణదారుకు, అతని నుండి అద్దెబండి నడిపేవానికి చేతులు మారుతుంది. తొలి శాంత్రో ఉత్పత్తి 2014 చివరితో నిలిచిపోయింది. 2018లో అదే పేరుతో వచ్చిన కొత్త నమూనా కూడ 2022లో నిలిచిపోయింది. పాత శాంత్రోలు మాత్రం మన సందులలో ఇంకా తిరుగుతున్నాయి. వాటిని మూడవ చేతిగా కొన్నవాడు మెకానిక్కును వెంటబెట్టుకొని వెళ్తాడు. మెకానిక్కు బానెట్ ఎత్తి, ఇంజను తిప్పించి, చెవి దగ్గరగా పెట్టి వింటాడు. క్రిందికి వంగి తుప్పు చూస్తాడు. విడిభాగాలు దొరుకుతాయా అని అడిగితే తల ఊపుతాడు. ఆ తల ఊపులో పదిహేనేళ్ల అనుభవం ఉన్నది. దానిని ఏ జె.డి. పవరూ లెక్కలోకి తీసుకోలేదు.